క్వీన్స్‌లో పాత కో-ఆప్ బిల్డింగ్, లోకల్ లా 97: బాయిలర్ పీకే ముందు వేసుకోవాల్సిన లెక్క

మీరు అడిగింది ఇదీ: మీది న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో 1950ల నాటి ఆరంతస్తుల కో-ఆప్ (ఇళ్లలో ఉండేవాళ్లే వాటాదారులై, బోర్డు పెట్టుకుని నడుపుకునే బిల్డింగ్). 90 అపార్ట్‌మెంట్లు, మొత్తం లక్ష చదరపు అడుగులు. బేస్‌మెంట్‌లో గ్యాస్‌తో నడిచే స్టీమ్ బాయిలర్, ఇళ్లలో ఇనుప రేడియేటర్లు. ఏడాదికి 70 వేల థర్మ్‌ల (బిల్లులో గ్యాస్ వాడకాన్ని కొలిచే యూనిట్) గ్యాస్, ఇళ్ల మీటర్లతో కలిపి 5 లక్షల యూనిట్ల కరెంటు ఖర్చవుతోంది. మీరు ఈ మధ్యే బోర్డులోకి వచ్చారు. ఒక కంపెనీ వాళ్లు వచ్చి, లోకల్ లా 97 (బిల్డింగుల కాలుష్యానికి పరిమితి పెట్టిన నగర చట్టం) కింద మీకు లక్షల డాలర్ల జరిమానా పడబోతోందని, వెంటనే బాయిలర్ తీసేసి మొత్తం హీట్ పంపులకు (బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి తెచ్చే యంత్రాలు) మారాలని చెప్పి 30 లక్షల డాలర్ల కొటేషన్ చేతిలో పెట్టారు. బోర్డులో సగం మంది సంతకం పెట్టేద్దాం అంటున్నారు, మిగతా సగం ఈ చట్టం ఎలాగూ కోర్టులో పోతుందిలే అంటున్నారు. మీకు టెన్షన్‌గా ఉంది.

నేను పాతికేళ్లుగా ఈ ఊళ్లో పాత బిల్డింగుల హీటింగ్ మీద పనిచేస్తున్నాను. మీ బోర్డులో రెండు పక్షాల వాళ్లూ తొందరపడుతున్నారని నా అభిప్రాయం. ముందు కాగితం మీద పావుగంట లెక్క వేద్దాం. ఇంజనీరు అక్కర్లేదు, గుణకారాలు వస్తే చాలు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. న్యూయార్క్ సిటీ కౌన్సిల్ 2019 ఏప్రిల్‌లో పాస్ చేసిన చట్టాల్లో ఇదొకటి. ఈ నగరం నుంచి వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో దాదాపు మూడింట రెండు వంతులు బిల్డింగుల నుంచే వస్తాయి. అందుకే 25 వేల చదరపు అడుగులు దాటిన బిల్డింగులకు అడుగుకు ఇంత అని పరిమితి పెట్టారు. మొదటి దశ 2024 నుంచి 2029 వరకు. రెండో దశ 2030లో మొదలవుతుంది. ఆ తర్వాత 2035లో, 2040లో ఇంకా బిగిస్తూ 2050 నాటికి సున్నాకు తెస్తారు. పరిమితి దాటితే, దాటిన ప్రతి టన్నుకూ ఏడాదికి 268 డాలర్ల జరిమానా.

ఇప్పుడు మీ అంకెలు తీసుకుందాం. నివాస భవనాలకు ఇప్పటి పరిమితి చదరపు అడుగుకు ఏడాదికి 6.75 కిలోల కార్బన్ డయాక్సైడ్. మీకు లక్ష అడుగులు కాబట్టి 675 టన్నులు. ఒక థర్మ్ గ్యాస్ కాలిస్తే 5.31 కిలోల కార్బన్ డయాక్సైడ్‌గా లెక్కగడతారు. 70 వేల థర్మ్‌లకు సుమారు 372 టన్నులు. కరెంటు యూనిట్‌కు ఇప్పుడు 0.289 కిలోలు, అంటే 5 లక్షల యూనిట్లకు 144 టన్నుల పైచిలుకు. రెండూ కలిపితే 516. పరిమితి 675. మీరు 2029 దాకా ఒక్క డాలరు జరిమానా కూడా కట్టక్కర్లేదు. కొటేషన్ ఇచ్చినవాళ్లు ఈ ముక్క చెప్పకపోవడం నాకు నచ్చలేదు.

2030లో కథ మారుతుంది. పరిమితి సగానికి పడిపోయి 3.35 కిలోల దగ్గరికి వస్తుంది, అంటే మీకు 335 టన్నులు. అదే సమయంలో కరెంటు లెక్క కూడా తగ్గుతుంది, యూనిట్‌కు 0.145 కిలోలు. గ్రిడ్‌లోకి జలవిద్యుత్తు, గాలి కరెంటు వంటివి ఎక్కువగా వస్తాయన్న అంచనా అది. మీ వాడకం ఇలాగే ఉంటే గ్యాస్ 372, కరెంటు 72, మొత్తం 444. సుమారు 110 టన్నులు ఎక్కువ. 268తో గుణిస్తే ఏడాదికి 29 వేల డాలర్ల పైన. 90 ఇళ్లకు పంచితే ఇంటికి నెలకు 27 డాలర్లు. లక్షల డాలర్లు కాదు.

ఈ అంకె చూడగానే బోర్డు మీటింగులో ఎవరో ఒకరు, అయితే జరిమానా కట్టేసి ఊరుకుందాం అంటారు. చాలా బోర్డుల్లో విన్నాను. ఆ దారి వద్దని గట్టిగా చెబుతున్నాను. 110 టన్నులు తగ్గాలంటే సుమారు 20,700 థర్మ్‌ల గ్యాస్ ఆదా కావాలి, అంటే మీ వాడకంలో 30 శాతం. థర్మ్‌కు డాలరున్నర అనుకుంటే ఆ గ్యాస్ ఖరీదే 31 వేల డాలర్లు. మీ బిల్లులో ఉన్న అసలు రేటు వేసి చూసుకోండి. జరిమానా కట్టి ఊరుకుంటే ఆ డబ్బూ పోతుంది, ఆ గ్యాస్ డబ్బూ పోతుంది. పైగా 2035లో మీ పరిమితి 269 టన్నులకు, 2040లో 205కు దిగుతుంది. ఆ గ్యాస్ నిజంగా మీ ఇళ్లను వెచ్చబెడుతుంటే ఏదో అనుకోవచ్చు. అందులో మంచి భాగం కిటికీల్లోంచి వీధిలోకి పోతోంది.

జనవరిలో రాత్రిపూట మీ బిల్డింగ్ ఎదుట పేవ్‌మెంట్ మీద నిలబడి తలెత్తి చూడండి. బయట గడ్డకట్టే చలి ఉన్నా ఎన్ని కిటికీలు తెరిచి ఉన్నాయో లెక్కపెట్టండి. ఏ బిల్డింగ్‌కు పిలిచినా నేను మొదట చేసే పని అదే. స్టీమ్ బిల్డింగుల్లో నడిమి అంతస్తుల్లో బనియన్లతో కూర్చుంటారు. అదే సమయంలో మూల ఇంట్లో ఒక పెద్దావిడ స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని సూపర్‌కు (బిల్డింగ్ బాగోగులు చూసే సూపరింటెండెంట్) ఫోన్ చేస్తుంటుంది.

మన కాలువల సంగతి తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కాలువ మొదట్లో ఉన్న పొలాలు మునుగుతుంటాయి, శివారు భూములకు తడి అందదు. శివారు రైతు గోల పెడితే లస్కరు పైన గేటు ఇంకాస్త ఎత్తుతాడు. మొదటి పొలం ఇంకా మునుగుతుంది. మీ బిల్డింగులో లస్కరు మీ సూపర్. మూల ఇంటి నుంచి ఫోన్ రాగానే బాయిలర్ ఇంకో అరగంట నడుపుతాడు, లేదా ప్రెషర్ పెంచుతాడు. అతన్ని తప్పుపట్టలేం. అక్టోబర్ 1 నుంచి మే 31 వరకు, బయట 55 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తక్కువుంటే పగలు ప్రతి ఇంట్లో 68 డిగ్రీలు, రాత్రి బయట ఎంత ఉన్నా ఇంట్లో కనీసం 62 ఉండాలని సిటీ రూలు. అత్యంత చల్లగా ఉన్న ఇల్లు ఎక్కడుందో దాన్ని బట్టే బాయిలర్ నడుస్తుంది, మిగతా 89 ఇళ్లు ఉడుకుతాయి.

అసలు లోపం ఎక్కడుందో చెబుతాను. మీలాంటి పాత స్టీమ్ బిల్డింగుల్లో తరచుగా కనిపించేది ఒకే పైపు పద్ధతి. ఆవిరి పైకి వెళ్లేదీ, నీరుగా మారి కిందికి దిగేదీ ఆ పైపులోనే. బాయిలర్ ఆగినప్పుడల్లా పైపుల్లో గాలి నిండుతుంది. మళ్లీ మొదలైనప్పుడు ఆ గాలి బయటికి పోతేనే ఆవిరి ముందుకు కదులుతుంది. బేస్‌మెంట్‌లో మెయిన్ పైపుల చివర దీనికోసం ఎయిర్ వెంట్లు ఉంటాయి. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోక అవి తుప్పు పట్టి మూసుకుపోతాయి, లేదా ఎవరో రంగు వేసేస్తారు. అప్పుడు గాలంతా ఇళ్లలో రేడియేటర్లకున్న చిన్న వెంట్ల గుండానే పోవాలి. దగ్గరి రేడియేటర్లు ముందు వేడెక్కుతాయి, దూరపు లైను ఎదురుచూస్తూ ఉంటుంది.

దీనికి చేయాల్సిన పని పెద్ద ఖరీదైనది కాదు. మెయిన్ పైపుల చివర్లలో సరైన సైజు ఎయిర్ వెంట్లు కొత్తవి పెట్టించాలి. రేడియేటర్ల వెంట్లను దూరాన్ని బట్టి, గది సైజును బట్టి మార్పించాలి. ప్రెషర్ బాగా తగ్గించి పెట్టాలి. ఈ రకం బిల్డింగుకు 2 పీఎస్‌ఐ (గేజ్ మీద కనిపించే ప్రెషర్ కొలత) లోపే చాలు. ఎక్కువ ప్రెషర్ పెడితే వేడి దూరం పోతుందనుకోవడం ఈ ఊళ్లో బాగా పాతుకుపోయిన అపోహ. బేస్‌మెంట్‌లో ఇన్సులేషన్ ఊడిపోయిన పైపులకు మళ్లీ తొడిగించాలి. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి: మీ వయసున్న బిల్డింగులో పాత తొడుగు ఆస్బెస్టాస్ అయి ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా ఎవరినీ చేయి పెట్టనివ్వకండి. అది ఖర్చు పెంచుతుంది, ముందే బడ్జెట్‌లో వేసుకోండి.

తర్వాత కంట్రోల్. చాలా బాయిలర్లు బయటి ఉష్ణోగ్రత ఒక్కదాన్నే చూసి ఇంతసేపు నడవాలని నిర్ణయించుకుంటాయి. లోపల ఎంత వేడిగా ఉందో వాటికి తెలియదు. ఇళ్లలో కొన్నింట సెన్సర్లు పెట్టి, వాటి సగటును చూసి ఆగేలా కంట్రోలర్ మార్పిస్తే తేడా మొదటి చలికాలంలోనే బిల్లులో కనిపిస్తుంది. ఇంకా వేడిగా ఉన్న ఇళ్లకు రేడియేటర్‌కూ దాని ఎయిర్ వెంట్‌కూ మధ్యలో థర్మోస్టాటిక్ వాల్వ్ పెట్టవచ్చు. గది తగినంత వేడెక్కగానే అది గాలిని బయటికి వెళ్లనివ్వదు, గాలి కదలకపోతే ఆవిరి రాదు. ఈ పనులన్నీ శ్రద్ధగా చేసిన చోట గ్యాస్ 15 శాతం దాకా తగ్గడం నా అనుభవంలో మామూలే. మీకు కావాల్సిన 30లో సగం ఇక్కడే వస్తుంది.

ఒక బిల్డింగ్ సంగతి చెప్పాలి. ఇవేవీ చేయకుండా కొత్త బాయిలర్ కొన్నారు, ఎఫిషియన్సీ ఎక్కువని. రెండేళ్ల తర్వాత నన్ను పిలిచారు. గ్యాస్ వాడకం దాదాపు అంతే ఉంది. ఎందుకంటే అవే పైపులు, అవే మూసుకుపోయిన వెంట్లు, అవే తెరిచిన కిటికీలు. ఆ బోర్డు ప్రెసిడెంట్ రిటైరైన టీచరు. ఆయన ఫైళ్లు ముందేసుకుని కూర్చున్న తీరు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ల రిజర్వ్ ఫండ్ అయిపోయింది. ఆ వెంట్లు, పైపుల పని ముందు జరిగి ఉంటే అంత పెద్ద బాయిలర్ అవసరమే ఉండేది కాదు. మీ ప్రశ్న చదవగానే ఇంత పొడుగ్గా రాయాలనిపించింది అందుకే.

మిగతా 15 శాతానికి స్నానాల వేడినీళ్ల వైపు చూడండి. మీ బిల్డింగులో ఆ నీళ్లు కూడా ఆ పెద్ద బాయిలరే కాచేటట్టయితే, జులైలో కూడా అది రాత్రింబగళ్లు నడుస్తోందన్న మాట. నాలుగు చెంబుల నీళ్లకు పెళ్లి గాడిపొయ్యి వెలిగించినట్టు. నీళ్లకు వేరే హీటర్ పెట్టి వేసవిలో బాయిలర్ ఆపేయాలి. ఆ హీటర్ హీట్ పంప్ అయితే ఇంకా మంచిది. హీట్ పంపులతో మొదలుపెట్టడానికి పాత బిల్డింగులో సరైన చోటు ఇదే అని నా ఉద్దేశం. ఒకే చోట పెట్టే సామాను, ఎవరి ఇంట్లోనూ గోడలు పగలగొట్టక్కర్లేదు. పైగా 2027 జనవరి 1 లోపు అలాంటి పరికరాలు బిగించి నడిపిస్తే చట్టంలో ఇచ్చే క్రెడిట్ (మీ టన్నుల లెక్కలోంచి తీసేసే మొత్తం), ఆ తర్వాత 2029 దాకా పెట్టేవాటికంటే రెండింతలు. ఆ తేదీ మీ డిజైనర్‌కు తప్పక గుర్తుచేయండి.

ఇళ్లను వేడిచేసే హీట్ పంపుల విషయంలో నేను వ్యతిరేకిని కాను. చివరికి అక్కడికే చేరాలి. 2050లో సున్నా అంటే గ్యాస్ మంట ఉండకూడదనే. కానీ మీ బిల్డింగుకు 1950ల నాటి కరెంటు లైన్లు. 90 ఇళ్లకూ హీట్ పంపులంటే రైజర్లు (అంతస్తులకు నిలువుగా వెళ్లే కరెంటు లైన్లు), ప్యానెళ్లు, ఒక్కోసారి వీధిలోంచి వచ్చే సర్వీసు కూడా పెంచాలి. ఆ ఖర్చు మీ కొటేషన్‌లో ఉందా? వేడి ఖర్చు ఇప్పుడు మెయింటెనెన్స్‌లో కలిసి ఉంది. రేపు ప్రతి ఇంటి మీటరు మీదికి మారితే పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లు ఏమవుతారు? ఈ రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు లేకుండా సంతకం పెట్టకండి.

ఈలోగా సామాను కూడా మారుతోంది. మీ క్వీన్స్‌లోనే వుడ్‌సైడ్ హౌసెస్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో 2023లో కిటికీలో పెట్టే హీట్ పంపులు పరీక్షకు పెట్టారు. మామూలు ప్లగ్గులో పెడితే నడుస్తాయి, వైరింగ్ మార్చక్కర్లేదు. 2022లోనే గ్రేడియంట్, మిడియా అనే రెండు కంపెనీలతో 30 వేల యూనిట్ల కోసం 7 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించారు. ముందు ఆవిరి సర్ది, గ్యాస్ తగ్గించి, 2030 గట్టెక్కితే, ఈ తరహా సామాను స్థిరపడే దాకా ఆగే వీలు మీకు దొరుకుతుంది. పైగా కారే వేడి తగ్గాక కొనాల్సిన హీట్ పంపులు చిన్నవవుతాయి. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ వాళ్లు చేసింది ఈ వరసే. 6,514 కిటికీలను బిల్డింగులోనే విప్పి బాగుచేసి తిరిగి బిగించారు, రేడియేటర్ల వెనక ఇన్సులేషన్ పెట్టారు. కావాల్సిన చల్లదనం తగ్గింది కాబట్టి కొత్త చిల్లర్లు (బిల్డింగును చల్లబరిచే పెద్ద యంత్రాలు) కొనకుండా పాతవాటికే మరమ్మతు చేసుకున్నారు. మొత్తం మీద కరెంటు, స్టీమ్ ఖర్చు 38 శాతం తగ్గింది.

ఇక కోర్టు మాట. మీ పొరుగున ఉన్న గ్లెన్ ఓక్స్ విలేజ్ అనే పెద్ద కో-ఆప్, మరికొందరు కలిసి 2022లో కేసు వేశారు. రాష్ట్ర వాతావరణ చట్టం ఉండగా సిటీ వేరే చట్టం చేయకూడదన్నది వాళ్ల ముఖ్య వాదన. రాష్ట్రంలో అన్నిటికంటే పై కోర్టయిన కోర్ట్ ఆఫ్ అపీల్స్ 2025 మేలో ఆ వాదన కొట్టేసింది. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది; మధ్యతరగతి కుటుంబాలు, చుట్టూ తోటలున్న చిన్న అపార్ట్‌మెంట్లు, వీటికీ డబ్బున్న మన్‌హట్టన్ టవర్లకూ ఒకే కొలత. కానీ కోర్టు వస్తుంది కాపాడుతుంది అని కూర్చునే రోజు అయిపోయింది.

సర్టిఫికెట్లు కొంటే సరిపోతుందని మీకు ఎవరైనా చెబితే జాగ్రత్త. రెన్యూవబుల్ కరెంటు సర్టిఫికెట్లు (వేరే చోట తయారైన సౌర, పవన విద్యుత్తు పేరు మీద కొనుక్కునే కాగితాలు) కరెంటు వల్ల వచ్చే లెక్కను మాత్రమే తగ్గిస్తాయి. 2030 లెక్కలో మీ 444లో కరెంటు వాటా 72. అదంతా సున్నా చేసినా మిగిలిన 372 గ్యాసుదే, పరిమితి 335. మీలాంటి గ్యాస్ బిల్డింగుకు వాటితో గట్టెక్కడం కుదరదు. ఆయిల్ కాల్చే పక్క బిల్డింగుల పరిస్థితి వేరు, అది చూసి మీరు పోల్చుకోకండి. మీరు తీసుకునే వేడినే నాలుగో నంబరు ఆయిల్‌తో తీసుకుంటే 527 టన్నులు అయ్యేది, కరెంటుతో కలిపి ఇప్పటి 675 అంచుకు వచ్చేసేది.

ఇంత చెప్పాక, మీకు నిజంగా టెన్షన్ ఉండాల్సిన ఒక్క చోటు ఉంది. రిపోర్టు. పరిమితి లోపలే ఉన్నా సరే, ప్రతి ఏటా మే 1 లోపు అంతకు ముందు ఏడాది లెక్కను లైసెన్సున్న ఇంజనీరు లేదా ఆర్కిటెక్ట్ సంతకంతో బిల్డింగుల శాఖకు ఇవ్వాలి. మొదటిది 2025లో ఇవ్వాల్సింది. ఇవ్వకపోతే చదరపు అడుగుకు అర డాలరు, అదీ నెలకు. మీ లక్ష అడుగులకు నెలకు 50 వేల డాలర్లు. 2030లో పరిమితి దాటినందుకు ఏడాదంతటికీ పడేది 29 వేలు, కాగితం ఇవ్వనందుకు ఒక్క నెలకే 50 వేలు. రేపు పొద్దున్నే మీ మేనేజింగ్ ఏజెంట్‌కు ఫోన్ చేసి, 2024 సంవత్సరం రిపోర్టు ఇచ్చారా, రసీదు పంపండి అని అడగండి. ఇచ్చాం అనే మాట సరిపోదు, రసీదు చూడండి. బెంచ్‌మార్కింగ్ ఇచ్చాం కదా అంటారు కొందరు. అది 2009 నాటి వేరే చట్టం కింద ఇచ్చేది, ఇది వేరు.

రసీదు చేతికొచ్చాక అందులో చదరపు అడుగులు ఎంత రాశారో చూడండి. పరిమితి మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. పన్ను రికార్డుల్లో ఉన్న అంకె ఒకటి, నిజంగా కొలిస్తే వచ్చేది ఒకటి కావడం నేను ఎన్నోసార్లు చూశాను. కింద అంతస్తులో దుకాణాలుంటే వాటికి వేరే పరిమితి వర్తిస్తుంది. కిరాణా సూపర్‌మార్కెట్‌కు ఇళ్లకంటే చాలా ఎక్కువ ఇచ్చారు. దాన్ని ఇళ్లలో కలిపేస్తే మీరే నష్టపోతారు. ఇంకోటి, మీ కో-ఆప్‌లో రెంట్ స్టెబిలైజ్డ్ ఇళ్లు (అద్దె పెంపు మీద ప్రభుత్వ నియంత్రణ ఉన్నవి) ఎన్నున్నాయో అడగండి. 35 శాతం దాటితే మీకు ఈ పరిమితుల బదులు 13 పనుల జాబితా వర్తించవచ్చు. తమాషా ఏమిటంటే పైపుల ఇన్సులేషన్, రేడియేటర్ కంట్రోళ్లు, ఇళ్లలో సెన్సర్లు వంటి నేను పైన చెప్పిన పనులు ఆ జాబితాలో చాలావరకు ఉన్నాయి. 35 శాతం దాటకపోయినా అలాంటి ఇల్లు ఒక్కటైనా ఉంటే పరిమితులు 2026 నుంచి మొదలవుతాయి.

ఈ పనంతా రూలు కోసమే చేస్తున్నట్టు మీ వాళ్లకు చెప్పకండి. 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుఫాను మిగిల్చిన వాన క్వీన్స్‌లో బేస్‌మెంట్ ఇళ్లలోకి నిండి మనుషుల్ని ముంచేసింది. నగరంలో 13 మంది పోయారు, వాళ్లలో 11 మంది బేస్‌మెంట్లలో ఉన్నవాళ్లే. ఆ మర్నాడు నేను అక్కడి ఒక వీధిలో తడిసిన పరుపులు, పిల్లల పుస్తకాలు పేవ్‌మెంట్ మీద కుప్పలుగా చూశాను. వేడెక్కిన గాలి ఎక్కువ నీటిని మోస్తుంది, ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. మన కిటికీల్లోంచి వృథాగా పోయే ఆవిరి వెనక కాలిన గ్యాస్ కూడా దానికి కారణాల్లో ఉంది. బోర్డులో పెద్దవాళ్లకు ఈ మాట సూటిగా చెబితే వింటారు. నేను చెప్పినప్పుడు విన్నారు.

సిటీ వాళ్ల ఎన్‌వైసీ యాక్సిలరేటర్ అనే కార్యక్రమం ఉంది, సలహా ఉచితం. మీ కొటేషన్ వాళ్లకు చూపించి రెండో అభిప్రాయం తీసుకోండి. కొటేషన్ ఇచ్చిన కంపెనీకి, ముందు స్టీమ్ సర్దే పనికి వేరే ధర ఇవ్వమని రాయండి. ఇవ్వలేమంటే వేరేవాళ్లను చూసుకోండి. ఈలోగా సూపర్‌తో కలిసి ఒక టార్చి పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగి, మెయిన్ పైపుల చివర ఎయిర్ వెంట్లు ఎన్నున్నాయో, వాటిలో ఎన్ని మూసుకుపోయాయో, బాయిలర్ మీద ప్రెషర్ గేజ్ ఎంత చూపిస్తోందో రాసుకోండి. ఫొటోలు తీసి పెడితే ఏ సైజు వెంట్లు కావాలో నేను చెబుతాను.